పేరున్నవాడు బతికే ఉన్నాడట

రాజూ, బాగున్నావా బిడ్డా? నీకంటే ముందే పోయిన మీ నాయనకు అక్కడైనా దగ్గు తగ్గిందా? నాకు కీళ్ల నొప్పులు, నీ తమ్ముడికి నిద్ర లేదు.

నిన్ను పొడిచిన సారా దుకాణం వాడిని నిన్న కోర్టు వదిలేసింది. అందరిలాగే నువ్వూ మల్లేశు అనే మారుపేరుతో బొగ్గుబాయిలో చేరావు కదా, కేసూ ఆ పేరు మీదే రాశారు. వాడి వకీలు ఊరి నుంచి అసలు మల్లేశును తెచ్చి నిలబెట్టాడు. “సచ్చిండన్న మల్లేశు గీడనే ఉన్నడు, దొరా!” అంటే అందరూ నవ్వారు.

బయట ఆ హంతకుడు నన్ను ఆపి, “ఏం అవ్వా, నీ చిన్నకొడుకు ఏ పేరు మీద పోతడు?” అన్నాడు.

తమ్ముడు విన్నాడు. అప్పటి నుంచి కత్తి నూరుతున్నాడు. ఆదివారం ప్రార్థన కాగానే నీ సమాధి దగ్గరికి పోదామంటే, “గప్పటిదాక నేనుంటనో లేదో అవ్వా” అన్నాడు.

ఒక్కదాన్నయినా ఆదివారం వస్తాను.