చుట్టకి నిప్పు

యనమలకుదురు,
12–11–43

వదినగారికి నమస్కారాలు.

మీ కోడలూ మనవడూ క్షేమమే. ఈ మాట ముందు రాస్తేగాని నా చెయ్యి ఆడడం లేదు.

ఈ ఉదయం శాంతను మీ ఊరికి తీసుకొస్తూ బెజవాడలో పడవ ఎక్కాం. బాలింతకు చలిగాలి తగలకూడదని మీరు మరీమరీ రాశారు. నేనూ అదే నమ్మాను. పడవగదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు బిగించి, సందుల్లో పాతచీరలు కుక్కాను. కాస్తయినా పొగ లేదు వదినగారూ. వెచ్చగా నిద్ర ముంచుకొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఈ యనమలకుదురు దగ్గర కాలవగట్టు మీద ఉన్నాను. పక్కన శాంత, పిలిస్తే పలకదు. పసివాడి పెదవులు... రాయలేను. పడవ సరంగు పిల్లాడి వీపు రుద్దుతున్నాడు. ఎప్పటికో పిల్లాడు కేరుమన్నాడు. ఆ ఏడుపుకే శాంత కదిలింది.

"చుట్టకి నిప్పడుగుదామని తలుపు కొట్టానమ్మగారూ. ఎవరూ పలక్కపోతే తన్నేశాను" అన్నాడు సరంగు.

బాలింత దగ్గర చుట్టేమిటని పొద్దున అతణ్ణి కసిరింది నేనే.

శాంత కోసం గది కిటికీలకు గోనెలు కొట్టించి, కుంపటి సిద్ధం చేయించామన్నారు. ఆ గోనెలు పీకించండి. మీకు కోపం వచ్చినా సరే, పీకించామని జవాబు వచ్చాకే పిల్లను పంపుతాను.

ఇట్లు,
శాంత తల్లి