సేకరించినవారు: మత్తయి

12 జూన్ 2006, సోమవారం

సైట్ ఇవాళ లైవ్ అయింది. ఏడు కాలేజీల జువాలజీ ల్యాబుల్లో దుమ్ము పట్టిన చేపల సీసాలన్నీ ఇక ఒకే తెర మీద కనబడతాయి. ఏ చేప, ఏ రోజు, ఎక్కడ, ఎవరు పట్టారు. ఏలూరు కాలేజీలో నేను ఒక పేరు దిద్దితే మిగతా ఆరుగురికీ మెయిల్ వెళ్తుంది. పదిహేను రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మార్పు ఖాయం. పాతదీ కొత్తదీ రెండూ రికార్డులో ఉంటాయి. అది నా పట్టుదలే.

ప్రోగ్రామంతా శ్రీనాథ్ రాశాడు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నగారి పప్పుల కొట్టు మీద గదిలో ఉంటుంది అతని ఆఫీసు. కరెంటు పోయినప్పుడల్లా కిందికి దిగి పొట్లాలు కడతాడట.

'సేకరించినవారు' అనే గడి దగ్గర గొడవైంది. డిపార్ట్‌మెంట్ పేరు చాలునన్నారు ప్రిన్సిపాల్ నరసింహమూర్తిగారు. నేను ఒప్పుకోలేదు. మా సీసాల్లో సగం కొల్లేటి జాలరి మత్తయి పట్టినవే. నడుం లోతు నీళ్ళలో అతను, గట్టు మీద గొడుగు కింద నేను. అలాంటప్పుడు నా పేరో కాలేజీ పేరో పడితే సిగ్గుచేటు. మొండిదాన్నని అనిపించుకున్నా సరే, అతని పేరే పడింది. నూట పన్నెండు చోట్ల.

3 జూలై

మత్తయిగారిని పిలిపించి చూపించాను. చదువు లేదు గానీ బైబిల్లో చూసి తన పేరు గుర్తుపడతాడు. ఇది లోకమంతా కనబడుద్దాండి అని అడిగాడు. కనబడుతుందన్నాను. నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

సీసా 214 ఫొటో చూసి ఆగాడు. అవి 2002లో పట్టిన పరిగ చేపలు. ఇప్పుడు నేను కాపలా కాసే చలపతిరావుగారి చెరువు సరిగ్గా అక్కడేనండి అన్నాడు. అప్పుడు అక్కడ చెరువు లేదు, తుంగ, తెరిపి నీళ్ళు. చెరువుల్లో పరిగ బతకదు, ముందే మందు వేసి చంపేసి బొచ్చె, శీలావతి పిల్లల్ని పోస్తారు. చెరువు వచ్చాక మత్తయి వాళ్ళ పేట వలలకి దారి మూసుకుపోయింది. వల వేసే చోటు పోయాక అదే గట్టు మీద వాచ్‌మన్‌గా చేరాడు.

19 జూలై

చలపతిరావు కాలేజీకి వచ్చాడు. ఎండాకాలం నుంచి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేస్తున్నారు కదా. 1999లో అభయారణ్యం ప్రకటించకముందే తవ్వానని చెప్పి తన గట్టు ఒక్కటీ ఆపించుకున్నాడు. విచారణ జరగాలి. 2002లో అక్కడ గట్టే లేదని చెప్పేది మా సీసా 214.

చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ వెబ్‌సైట్ మా ఇంట్లో అందరం చూశామండి, మా మత్తయి పేరు చూసి సంతోషించామండి అన్నాడు. 214లో చోటు ఎక్కడో పొరపాటు పడిందేమో ఒక్కసారి చూడండి మేడంగారూ అన్నాడు. కాఫీ తాగాడు. లేస్తూ, పెద్దవాడు, గట్టు మీద ఒంటరిగా పడుకుంటాడు, చుట్టూ నీళ్ళే, జాగ్రత్తగా ఉండమని మీరైనా చెప్పండి అన్నాడు. ఒక్క గట్టి మాట లేదు.

20 జూలై

మత్తయికి ఏదైనా అయితే ఆ పేరు అక్కడ పెట్టింది నేను.

21 జూలై, ఉదయం 11 గం.

మార్చేశాను. అక్షాంశం 16.61. చివరి ఒకటిని ఏడు చేశాను, అంతే. ఆ పరిగలు ఆరున్నర కిలోమీటర్లు ఉత్తరానికి పోయాయి. కారణం అడిగిన చోట 'టైపింగ్ పొరపాటు' అని కొట్టాను.

పిల్లలకి ఫస్టియర్‌లోనే చెబుతాను. చోటు తప్పయితే సీసాలో ఉన్నది చేప కాదు, చెత్త అని. అయినా మనిషి కంటే చేప ఎక్కువా? మత్తయిని కాపాడాను. అతన్ని అడగలేదు. అడిగితే వద్దనేవాడేమో.

5 ఆగస్టు

గడువు అయిపోయింది. ఏడు కాలేజీల్లో ఒక్కరూ మెయిల్ తెరిచినట్టు లేరు. పదిమందిలో పాము చావదంటారు, ఏడుగురిలోనూ చావలేదు.

26 ఆగస్టు

శ్రీనాథ్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ మీటింగ్‌లో సైట్ చూపించాడట. తప్పులు ఎలా దిద్దుకుంటామో చెప్పడానికి నా 214 మార్పునే డెమోగా చూపాడట. అందరూ చప్పట్లు కొట్టారట. మీలాంటి నిజాయితీ ఉన్నవాళ్ళు ఉంటేనే ఇలాంటివి నిలబడతాయి మేడం అన్నాడు. లైన్ కట్ అవుతోందని పెట్టేశాను. అవడం లేదు.

8 సెప్టెంబర్

విచారణాధికారి దగ్గర నుంచి లెటర్. చలపతిరావు చెరువు విషయంలో 14న సీసా 214తో హాజరు కావాలి. జాలర్ల సొసైటీ మా సైట్ పేరు అర్జీలో రాసిందట.

11 సెప్టెంబర్

సీసా లోపల కాగితం ఉంటుందన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు గుర్తు రాలేదు. నా చేత్తో, ఇండియన్ ఇంకుతో రాసిన అసలు చోటు ఉంది అందులో.

ల్యాబ్ అసిస్టెంట్ భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు వేసుకున్నాను. కొత్త లేబుల్ రాశాను. మరీ తెల్లగా ఉంది. టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టాను. పాతది ముక్కలు చేసి సింకులో వదిలాను. ఫార్మలిన్ ఘాటు కళ్ళకి తగిలి నీళ్ళు కారాయి. ఏడుపు కాదు. ఏడుపైతే బాగుండేది.

14 సెప్టెంబర్, సాయంత్రం

అతను వస్తాడని నాకు తెలియదు.

ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. సొసైటీ వాళ్ళు అడిగితే తనే వస్తానన్నాడట. చలపతిరావు ఎదురుగానే కూర్చుని ఉండగా, బెదరకుండా చెప్పాడు. ఆ చెరువు ఉన్న చోటే నేను ఈ చేతులతో పరిగలు పట్టి అమ్మగారికి ఇచ్చానండి, అప్పుడు గట్టు లేదండి, కావాలంటే అమ్మగారి కంప్యూటర్‌లో చూసుకోండి అన్నాడు.

చూశారు. పాత 16.61, దాని కింద 16.67, పక్కన 'టైపింగ్ పొరపాటు'. ఏది అసలుదో తేల్చడానికి సీసా తెరిచారు. లేబుల్ చదవమని ఆఫీసర్ నాకే ఇచ్చాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అతనికి లేని భయం నాకెందుకు? ఉద్యోగం పోతుందని. పేపర్లో పడతానని. నేను భయపడింది మత్తయి కోసం కాదని అక్కడ, ఆ కుర్చీలో తెలిసింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. 16.67. ఇది మీ రాతేనా అన్నాడు. నాదే అన్నాను.

మత్తయి నా వైపు చూశాడు. కోపం లేదు. ఏదో లెక్క తప్పిన మనిషిలా చూశాడు.

15 సెప్టెంబర్

రెండు క్లాసులు చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

9 అక్టోబర్

మత్తయి వాళ్ళ పేట చర్చి పెద్ద వరదానంగారు ఏలూరు వస్తే కలిశారు. చెరువు నిలిచింది. మత్తయిని గట్టు మీద నుంచి దింపేశారు. అది నేను ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి. చలపతిరావు దగ్గర డబ్బుకి చెయ్యి చాపి, కేసు పోవాలని కావాలనే తప్పు చోటు చెప్పాడని సొంతవాళ్ళే అంటున్నారట. చర్చికి రావడం మానేశాడట. ఆయన ఇంకేదో చెబుతున్నా నాకు వినబడలేదు.

ల్యాబ్‌కి వచ్చి సైట్ తెరిచాను. ఏడుని ఒకటి చెయ్యాలి. మళ్ళీ ఆరుగురికి మెయిల్ వెళ్తుంది. మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి, పక్కన నా పేరు. నేనే అలా కట్టమన్నాను. గంటసేపు కూర్చున్నాను. మూసేశాను. నా మీద నాకు అసహ్యం వేస్తోంది, అది కూడా ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

20 నవంబర్

మత్తయి వచ్చాడు. చిక్కిపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

తప్పు చోటు చెప్పి ఆఫీసర్ ముందు మిమ్మల్ని ఇబ్బంది పెట్టానమ్మగారూ, క్షమించండి అన్నాడు. మిషను అబద్ధం చెప్పదు కదండీ, నాకే మతి తప్పుతున్నట్టుందండి అన్నాడు.

వయసు మీద పడింది కదా మత్తయిగారూ, అన్నాను.