పోలమ్మ ఆపిన మంట

1963 ఫిబ్రవరి, ఆదివారం

ఈరోజు కుండలు కాల్చే ఆవం తెరిచాం. నేను చేసిన పెద్ద జాడీకి నిలువెల్లా తేనెరంగు తేలింది. ఇన్నేళ్లలో నా చేతికి ఎన్నడూ రాని రంగు.

ఈసారి కాల్చే పని మొదటిసారిగా నా శిష్యురాలు పోలమ్మకు అప్పగించాను. అప్పగించి కూడా ఊరుకోలేక, "ఇంకో మోపు సరుగుడు కట్టెలు వెయ్యి" అని కేకేశాను. ఆమె వెయ్యలేదు.

"గాలి తిరిగినాది అయ్యోరూ, కొండగాలి. ఇంకా ఏస్తే ఒక పక్కే మాడిపోతాది," అంటూ ఆవం నోరు మూసేసింది.

చేపలు పట్టే ఇంటి పిల్ల. గాలి ఆమెకు పుట్టుకతోనే తెలుసు, మంట మాత్రం నేనే నేర్పాను. అయినా కోపం ఆగలేదు. ఆవం చల్లారేదాకా ఆమెతో మాట్లాడలేదు.

జాడీ అడుగున నా గుర్తు ఉంది. ఆమె చేతికి మేకు ఇచ్చి, పక్కన తన గుర్తు గీయమన్నాను.

"మీ జాడీ కదా అయ్యోరూ?"

"మట్టి నాది. మంట నీది."

చిన్న గాలం బొమ్మ గీసింది. ఇక ఆమెకు నేర్పడానికి నా దగ్గర ఏం మిగిలిందో...

సాయంత్రం నుంచి వచ్చినవాళ్లందరికీ జాడీ రంగు చూపించడం మానేసి, బోర్లించి అడుగు చూపిస్తున్నాను.