మన చోట్లో తెకోవా చాప

ఇయోతేబాకు,

మీ పెదనాన్న రాస్తున్నాను. నా చేతిరాత వంకరే కానీ మాట వంకర కాదు.

నువ్వు కొత్త అధ్యక్షుడి దగ్గర చేపల మంత్రివయ్యావని రేడియోలో విన్నాను. ఆయన గెలిస్తే మన సముద్రాన్ని పరాయి ఓడలకు అమ్మేస్తాడని నువ్వు చెప్పబట్టే కదా, కొబ్బరికల్లు గీయడం కూడా మాని, ఇంటింటికీ తిరిగి ఆయన పార్టీని తిట్టాను! ఎదుటి పార్టీవాళ్ళనూ కలుపుకోవడం ఆయన పెద్దమనసట. ఆయన మనసు సంగతి నాకెందుకు? నీకు ఓటేసిన మమ్మల్ని ఒక్క మాట అడిగావా?

ఆదివారం ఊరి మనేబలో, ఆ పెద్ద కప్పు కింద, ఎవరి వంశం చోట్లో వాళ్ళం కూర్చున్నాం. ఆయన పార్టీ ముసలాడు తెకోవా తన చాప తెచ్చి మన చోట్లో, సరిగ్గా నా పక్కనే పరిచాడు. తాతల నాటి నుంచి పరాయివాడు కూర్చోని చోటది.

"లేవయ్యా, ఇది నీ చోటా?" అన్నాను.

"మీవాడు మా చోట్లో కూర్చోలేదా బావా? వాడు లేచిన రోజు నేనూ లేస్తాలే" అన్నాడు.

మనేబంతా గొల్లుమంది. మీ పెద్దమ్మ కూడా నవ్వింది.

ఈ వయసులో నా నోరు మూయించింది తెకోవా కాదు, నువ్వు.

రాజధాని తరావా నుంచి వచ్చే విమానంలో బయల్దేరి రా. ఆ పదవి ఎందుకు తీసుకున్నావో మనేబలో ఊరందరికీ చెప్పు. నేనూ వింటాను. అక్కడ ఎవరైనా తమ చోట్లో కూర్చునే మాట్లాడాలని నీకు తెలుసు. నీ చోట్లో తెకోవా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.