రొయ్యపొడికి సన్న తెర

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఎండురొయ్యల పొడి చేసే మన షెడ్డులోకి నిన్న కరెంటు జల్లెడ వచ్చింది. నీకు పొద్దంతా పట్టే పని అది గంటలో చేసేసింది.

అవనిగడ్డ నుంచి వచ్చిన షావుకారు చూసి, "జల్లెడకి ఇంత సన్న తెర ఎందుకమ్మా? పెద్ద కన్నాలది వేయిస్తే పొడి ఎక్కువ దిగుతుంది. రెండు ముళ్లు పడితే ఎవరు చూస్తారు?" అన్నాడు.

"చూడరండీ. మింగుతారు," అన్నాను.

ఆయన సరుకు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. కొత్త జల్లెడ పొడికి మొదటి బేరమే పోయింది. అయినా తెర మార్చలేదు. పొడిలో చెయ్యి పెట్టి నలిపి చూస్తే ఒక ముల్లు గుచ్చుకుంది. తెర అంచు వదులైంది. దాన్ని బిగించి మొత్తం మళ్లీ జల్లించాను.

ఈ మధ్యాహ్నం ఆ పొడి వేడన్నంలో కలిపి, నువ్వు చూడని నీ మనవరాలికి మొదటి ముద్ద పెట్టాను. మింగి, మళ్లీ నోరు తెరిచింది.