పళ్ళెంలో చచ్చిన బ్యాక్టీరియా

గురువారం, ఎల్లారెడ్డి

నేను చెప్పింది ఒకటి, మావాళ్ళు విన్నది ఒకటి. కాలేజీ ల్యాబ్‌లో డ్రాగన్ ఫ్రూట్ కాండం రసం వేస్తే గాజు పళ్ళెంలో బ్యాక్టీరియా చచ్చిందన్నాను, అంతే. బాపు మా తోటలో కాండం కోసి, ముళ్ళు గీకి, దంచి నానమ్మ కాలిపుండుకు కట్టాడు. షుగర్ ఉన్న మనిషి! మూడు రోజులకు పాదం వాచింది.

"నువ్వే గదా చెప్పినవ్, పురుగులు సస్తయని?"

"పళ్ళెంల సచ్చినయి బాపు, కాలు మీద కాదు."

"గంత సదివి గిప్పుడు మాట మారుస్తవా?"

బిడ్డ మందు కనిపెట్టిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు కట్టు విప్పితే ఆయన పరువు పోతుందట. నానమ్మ మాత్రం ఆయనకు వినపడకుండా "సలుపుతున్నది బిడ్డా" అంది.

కట్టు విప్పేశాను. రేపు పొద్దున మొదటి బస్సుకు నానమ్మను కామారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. బాపును అడగను.