ముందుగదికి రాని ఆవిరి

నవంబర్ 3, ఆదివారం. లూయిస్టన్, మెయిన్ రాష్ట్రం.

తీర్మానం! ఈ చలికాలం ప్లంబర్‌ని పిలిచేది లేదు. గదుల్ని వెచ్చబరిచే మా ఇంటి ఆవిరి రేడియేటర్లను నేనే దారిలో పెడతాను.

పరిస్థితి ఇదీ. పొద్దున బాయిలర్ వెలిగితే ముందుగది రేడియేటర్‌కి ఆవిరి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది. గది వెచ్చబడగానే బాయిలర్‌ని ఆపే థర్మోస్టాట్ ఉన్నదీ ఆ గదిలోనే. అందుకని బాయిలర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. మేడ మీది మా అత్తగారి గది, ఇంటి కింది సెల్లార్‌లోని బాయిలర్‌కి సరిగ్గా పైన ఉంది. ఆవిడ మంచు కురుస్తున్నా కిటికీ బార్లా తెరిచి, చేతుల్లేని గౌనులో తిరుగుతుంది. నేనూ నా భార్య లూసీలూ ముందుగదిలో కోట్లు తొడుక్కుని టీవీ చూస్తాం.

లూసీల్ ఇవాళ తేల్చి చెప్పేసింది. "క్రిస్మస్ నాటికి ఈ గది వెచ్చబడాలి ఒమేర్. లేదంటే చలికాలమంతా మా తమ్ముడింట్లో ఉంటాను. నా మోకాళ్ళు ఇంక తట్టుకోలేవు."

"క్రిస్మస్ దాకా ఎందుకు? నెలాఖరుకే చూడు!" అన్నాను. జీవితమంతా బడిపిల్లల చేత పరుగులు తీయించిన వ్యాయామ మాస్టారిని. ఆవిరి నాకో లెక్కా!

నవంబర్ 5

బాయిలర్ పక్కన ఆవిరి ఒత్తిడిని సర్దే చిన్న డబ్బా ఉంది. దాని స్క్రూ ఒత్తిడి పెరిగేలా చివరికంటా తిప్పేశాను. పిల్లలైనా ఆవిరైనా ఒత్తిడి పెడితేనే పరుగు.

ఫలితం: ముందుగది రేడియేటర్ పక్కనుండే గాలి వాల్వు ఈల వేసి, లూసీల్ కొత్త తివాచీ మీద నీళ్ళు కక్కింది. ఈల వేసిందంటే చలనం వచ్చినట్టే కదా!

నవంబర్ 6

ఇంటర్నెట్‌లో ఆవిరి రేడియేటర్ల పిచ్చివాళ్ళ గుంపు ఒకటుంది. అడిగాను. అందరిదీ ఒకటే పాట. "ఒత్తిడి తగ్గించు. సెల్లార్‌లో పెద్ద గొట్టం చివరనున్న గాలి వాల్వు మార్చు. గాలి బయటికి పోతేనే ఆవిరి లోపలికొస్తుంది."

ఒత్తిడి తగ్గిస్తే వేగం పెరుగుతుందట! వీళ్ళెవరూ జన్మలో పరుగు పందెం చూసినట్టు లేదు. అయినా ఆ గొట్టం చివర సెల్లార్ మూలలో, అత్తగారి ఊరగాయ సీసాల వెనకాల ఉంది. అటు చీకటి. సాలెగూళ్ళు. రేపు చూస్తా.

నవంబర్ 12

రేపు అన్నది ఇంకా రాలేదు. ఈలోగా ఇంకో కిటుకు దొరికింది. రేడియేటర్‌కి కాస్త వాలు ఉండాలట. అన్నిటి కిందా చెక్కముక్కలు పెట్టాను. నడుం విరిగింది కానీ భలే పని!

సాయంత్రం

భలే పని కాదు. మా ఇంట్లో ఆవిరి పైకొచ్చేదీ, నీరై వెనక్కి పోయేదీ ఒకే గొట్టంలో. గొట్టం వైపు కిందికి వాలాలి. నేను గొట్టం వైపే ఎత్తి పెట్టాను. నీళ్ళన్నీ అవతలి మూలకు చేరి కూర్చున్నాయి.

అత్తగారు ఫ్రెంచిలో జపమాల తిప్పుతుండగా ఆవిరి వచ్చి ఆ నీళ్ళని గుద్దడం మొదలైంది. ఢాం! ఢాం! ఢాం!

"అల్లుడూ, ఎవరో వచ్చారు, తలుపు తియ్యి."

"ఎవరూ రాలేదత్తయ్యా. రేడియేటర్."

"అయితే దాన్ని నా గదిలోకి రమ్మను. పాపం, మీ ముందుగదిలో చలికి వణుకుతోంది."

లూసీల్ పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ముందుగదిలో మండింది అదొక్కటే.

నవంబర్ 28, థ్యాంక్స్‌గివింగ్ పండగ

చెక్కలు తీసేశాను. ఒత్తిడి మాత్రం తగ్గించలేదు. మనిషికి కొన్ని సిద్ధాంతాలుండాలి.

బావమరిది రోలాండ్ భోజనానికొచ్చి కోటు విప్పలేదు. "ఏం బావా, టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టావా, ముందుగదిలో దాచావా? చెడిపోకుండా బాగా ఉంటుందిలే." మెయిన్ రాష్ట్రంలో ఎవరింట్లోనూ లేనట్టు వీడింట్లో నేల కూడా వెచ్చగా ఉంటుంది. వెళ్తూ లూసీల్‌తో అన్నాడు: "అక్కా, మా ఇంట్లో నీ గదిలో దుప్పట్లు మార్చి ఉంచాను." లూసీల్ వద్దనలేదు.

డిసెంబర్ 9

నెలాఖరు అని నేనన్నది ఏ నెలో చెప్పలేదు.

ఆలస్యానికి కారణాలు: ఈ ఏడు గాలి ఉత్తరం నుంచి తిన్నగా కొడుతోంది. ఇల్లు కట్టిన వాళ్ళకి బుద్ధి లేదు. లూసీల్ మాటిమాటికీ "అయిందా? అయిందా?" అని అడగడం వల్ల ఏకాగ్రత కుదరడం లేదు.

సెల్లార్ దాకా వెళ్ళాను. ఊరగాయ సీసాలు చూశాను. వచ్చేశాను.

డిసెంబర్ 24

దేవుడా! ఇవాళ నేను చేసిన పని ఎవరికీ చెప్పలేను. ఇక్కడ రాసుకుంటున్నాను.

కరెంటు హీటర్ కొన్నాను. సోఫా వెనక దాచాను. లూసీల్ చర్చి నుంచి వచ్చేసరికి ముందుగది హాయిగా ఉంది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఒమేర్! నిజంగా చేశావా?" నా బుగ్గలు రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు కూడా. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. "దుప్పట్లు తీసెయ్, నేను రావట్లేదు!"

అంతా బాగానే ఉండేది. మాంసం కూరి కాల్చిన పండగ వంటకం 'పై' కోస్తుండగా మేడ మీది నుంచి అత్తగారు దిగింది. టోపీ, మఫ్లరు, రెండు దుప్పట్లు.

"అల్లుడూ, నా గది చచ్చిపోయింది."

నాకు అప్పుడు వెలిగింది. హీటర్ గాలికి థర్మోస్టాట్ ఇల్లంతా వెచ్చబడిందనుకుంది. బాయిలర్‌ని ఆపేసింది.

లూసీల్ అమ్మని చూసింది. గదిని చూసింది. లేచి వెళ్ళి రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టింది. మంచుగడ్డ. తర్వాత సోఫా వెనక్కి తొంగి చూసింది.

నేనేదో చెప్పబోయాను. ఆమె అరిచి ఉంటే బాగుండేది. "పై చల్లారిపోతుంది, తినండి" అంది.

డిసెంబర్ 26

లూసీల్ తమ్ముడింటికి వెళ్ళిపోయింది. అత్తగారు వెళ్ళలేదు. హీటర్ తీసేయగానే ఆవిడ గది మళ్ళీ మండిపోతోంది, కిటికీ తెరుచుకుంది.

"నేనెందుకు పోతాను? ఇంత సుఖం ఎక్కడుంది?" అని, జపమాల చేతిలోకి తీసుకుని, "మంచి పిల్లయ్యా అది" అంది.

ఇల్లు బావురుమంటోంది. బుద్ధొచ్చింది. ప్లంబర్‌కి ఫోన్ చేశాను.

డిసెంబర్ 31

ప్లంబర్ వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుంటూనే అడిగాడు: "ఒత్తిడి పెంచిన మహానుభావుడు ఎవరు?" ఇంకా సెల్లార్‌లోకి దిగనే లేదు! గాలి వాల్వు ఈల విని పసిగట్టాడు.

"ఇక్కడ ఎవరూ ఏమీ పెంచలేదు. అంతా బాగానే ఉంది" అని గుమ్మంలోంచే పంపేశాను.

అత్తగారు మెట్ల మీది నుంచి అంతా చూసింది. తిన్నగా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ తలుపేసుకోవడం నేనెప్పుడూ ఎరగను.

జనవరి 1

లూసీల్ ఫోన్ చేసింది. "హ్యాపీ న్యూ ఇయర్, ఒమేర్. ప్లంబర్ వచ్చాడా?"

"వచ్చాడు." అబద్ధం కాదు.

"బాగుచేశాడా?"

ఈ ఏడు ఉత్తరపు గాలి గురించి మొదలుపెట్టాను. తనే అడ్డుకుంది. "అమ్మ చెప్పిందిలే. చూడూ, నాకు గది వెచ్చబడక్కర్లేదు. 'నా వల్ల కాలేదు లూసీల్' అను. ఒక్కసారి. ఇప్పుడే కారెక్కి వచ్చేస్తాను. కోటు వేసుకునే ఉన్నాను."

నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, వచ్చింది. ఆమె ఊపిరి వినిపిస్తోంది. 

"ఆదివారానికల్లా అయిపోతుంది" అన్నాను.

కోటు జిప్పు విప్పిన చప్పుడు. ఫోన్ పెట్టేసింది.

కొత్త సంవత్సరం తీర్మానం! ప్లంబర్‌ని పిలిచేది లేదు. నేనే.